తిప్ప మీద ఎవరి కన్ను

ఏప్రిల్ 6

నగేశ్ మళ్ళీ ఫోన్ చేశాడు. మళ్ళీ ఇసుక గురించే.

నా చెల్లె కొడుకు వాడు. దుబాయిలో కొన్నేళ్ళు ఉండి, పోయిన నెల కామారెడ్డి ఏజెంటును పట్టుకొని గ్రీసు దేశం పోయాడు. నాక్సోస్ అని ఒక ద్వీపం. చుట్టూ సముద్రం, నడుమ గుట్టలు. అక్కడ ఒక హోటలులో పని. పొద్దున కుర్చీలు, గొడుగులు ఇసుకలో వరుసగా వేయాలి, సాయంత్రం ఎత్తాలి. వాటి మీద తెల్లవాళ్ళు ఊరికే పడుకుంటారట. పడుకున్నందుకు వాళ్ళే కిరాయి కడతారట.

"సూడు మామా నీళ్ళు" అని ఫోను అటు తిప్పాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మన నిజాంసాగర్ నీళ్ళు అట్లా ఎన్నడూ లేవు.

"మంచిగున్నయి" అన్నాను.

"గీ ఇసుక ఎనుకట ఎవ్వలికి అక్కరకు రాకుండెనట మామా. సముద్రం మీద దొంగలు పడవలేసుకొని వస్తుండెనట. అందుకే ఊర్లన్ని లోపట గుట్టల మీద కట్టుకున్నరు. ఆలుగడ్డ పండే భూములు, ద్రాక్ష తోటలు కొడుకులకిచ్చి, పంట పండని గీ ఇసుక బిడ్డల మొకాన కొట్టిన్రట. ఇప్పుడు బిడ్డలే షావుకార్లు."

నవ్వాడు. నేను నవ్వలేదు.

బిడ్డలే షావుకార్లు. ఈ ముచ్చట నాకెందుకు చెప్పాలి వాడు?

ఏప్రిల్ 7

పొద్దున్నే తిప్ప మీదికి పోయి వచ్చాను. ఎవరూ లేరు. బెస్తోళ్ళ వలలు ఆరేసి ఉన్నాయి.

నిజాం కాలంలో సాగర్ కట్ట కట్టినప్పుడు మా తాత మంచి భూములన్నీ మునిగాయి. మునగకుండా మిగిలింది ఈ తిప్ప. మొరం నేల. సాగర్ నిండితే మూడు దిక్కులా నీళ్ళు. కందులు తప్ప వేరేవి కావు. చెల్లె హన్మవ్వ పెండ్లప్పుడు నాయిన పందిట్లో నిలబడి "తిప్ప నా బిడ్డకు పసుపు కుంకుమ" అన్నాడు. అన్నాడు, నేను కాదనను. పట్టా మాత్రం నా పేరు మీదే ఉంది. దున్నేదీ నేనే. ఏటేటా గాంధారికి, చెల్లె ఇంటికి, ఒక బస్తా కందులు పంపుతున్నాను.

పోయినేడు పంపలేదు. పురుగు పట్టింది.

అంతకు ముందేడు కూడా పురుగే.

ఏప్రిల్ 19

తెల్ల కారు వచ్చింది. ఎల్లారెడ్డి మార్కండేయ దిగాడు. భూముల బేరాలు చేసే మనిషి. వెంట హైదరాబాదు ఆయన, నల్లద్దాలు. తిప్ప మీద నిలబడి సాగర్ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఒక చిన్న యంత్రాన్ని ఆకాశంలోకి వదిలారు. అది కందిరీగలా మోత చేస్తూ నీళ్ళ మీద తిరిగింది. బర్రెలు బెదిరాయి.

"కాకా, గీ తిప్ప నీదేనా?" అన్నాడు మార్కండేయ.

"నా పేరు మీదనే ఉన్నది" అన్నాను.

ఆలోచించే అన్నాను ఆ మాట.

"ఈడ రిసార్టు కడితే హైదరాబాదోళ్ళు లైను కడ్తరు కాకా. నువ్వు పండవెట్టిన కందులు ఎవలు సూసిన్రు? పొద్దు గుంకేది సూడనీకి పైసలిస్తరు."

నీళ్ళ ఒడ్డున పడుకునేవాళ్ళు. పొద్దు చూసేవాళ్ళు. నగేశ్ ఫోన్ చేసి రెండు వారాలు కాలేదు, కారు వచ్చింది. వీళ్ళకు తిప్ప సంగతి ఎవరు చెప్పారు?

ఏప్రిల్ 27

మా ఊళ్ళో పెండ్లికి నగేశ్ పెండ్లాం నవత వచ్చింది. మాతో అన్నం తిన్నది. తిని, చేయి కడుక్కొని, తిప్ప దగ్గరికి పోయింది. నేను వెనక పోయాను. ఫోటోలు తీస్తోంది.

"ఎందుకు బిడ్డా?"

"ఆయన అడిగిండు మామయ్యా. తిప్ప ఎట్లున్నదో సూపియ్యిమన్నడు. యాదికొస్తున్నదట."

సముద్రంలో ఉన్నవాడికి మొరం తిప్ప యాదికొస్తుందా?

సుగుణమ్మతో అంటే, "మరి నీకేం యాదికొస్తది, అనుమానం తప్ప" అంది. నా భార్యే ఇట్లా అంటుంది.

ఏప్రిల్ 28

పట్టా పాసుబుక్కు బియ్యం డబ్బాలోంచి తీసి సందూకులో పెట్టాను. తాళం చెవి మొలతాడుకు.

మే 11

చెల్లె సుగుణమ్మకు ఫోన్ చేసింది. నాకు చేయలేదు. ఒడిబియ్యం పోసి అయిదేండ్లు దాటిందని గుర్తు చేసింది.

"ఆడబిడ్డ నోరు తెరిచి అడిగింది. సిగ్గు లేదా మనకు?" అంది సుగుణమ్మ.

"ఎండలు తగ్గనీ."

"ఎండలకు బియ్యం మాడుతయా?"

"ఇప్పుడే ఎందుకు అడిగిందో తెలుసా నీకు?"

"ఎందుకేంది? పుట్టింటోళ్ళు ఉన్నరో సచ్చిన్రో తెలుసుకోనీకి."

ఇది అంత తేలిక మాట కాదు. అయిదేండ్లకోసారి అన్నా వదినెలు పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తేనే ఆడబిడ్డకు పుట్టిల్లు ఉన్నట్టు. అంటే, నాయిన ఇచ్చినదంతా ఉన్నట్టు. నలుగురిలో ఒడి నింపించుకొని, ఆ నలుగురిలోనే తిప్ప మాట ఎత్తుతుంది. నేను నలుగురిలో మాట్లాడలేనని ఆమెకు తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలుసు.

మే 30

కామారెడ్డి పోయాను, కండ్లు చూపించుకోవడానికి. శుక్లం ఇంకా ముదరలేదన్నారు.

వచ్చేటప్పుడు బస్టాండు దగ్గర ఏజెంటు ఆఫీసు కనబడింది. బయట బోర్డు మీద తెల్లటి ఇండ్లు, నీలం తలుపులు. చాలాసేపు నిలబడ్డాను. లోపలి మనిషి చూసి నవ్వాడు.

"ఏం బాపూ, గ్రీసు పోతవా? కుర్చీలు మోస్తవా?"

"నాక్సోస్ అనేది నిజంగ ఉన్నదా?" అన్నాను. నోరు జారింది.

"లేకపోతే మనోళ్ళు యాడ పండుకుంటున్నరు బాపూ, నీళ్ళలనా?"

పటం చూపించాడు. వేలి గోరంత ఉంది. అక్కడి రేవులో సముద్రం ఒడ్డున చలువరాతి దర్వాజ ఒకటి ఉందట. రెండున్నర వేల ఏండ్ల నాటిది. గుడి కట్టడం మొదలుపెట్టి దర్వాజ నిలబెట్టారు. గుడి పూర్తి కాలేదు. దర్వాజ మాత్రం అట్లే ఉంది. అందరూ దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతారట.

గుడి ఎందుకు ఆగిందని అడిగాను. లడాయిలు వచ్చాయి కావచ్చన్నాడు. అన్నదమ్ముల లడాయే అయి ఉంటుంది.

జూన్ 22

నగేశ్ ఫోన్. వాడి మొఖం ఎండకు నల్లబడింది.

"ఈడ లొల్లి అయింది మామా. ఊరోళ్ళు తువ్వాలలు పట్టుకొని ఇసుక మీదికొచ్చిన్రు. కుర్చీలు తియ్యిండ్రి, మేము తువ్వాల ఏసుకునే జాగ లేకుంట చేసిన్రు అని. నేనేసిన కుర్చీలు నాతోనే ఎత్తిచ్చిన్రు. పోలీసులు పోయినంక మా సేటమ్మ మళ్ళ ఏపిచ్చింది."

సేటమ్మ అంటే ఇరీని. ఎనభై ఏండ్ల ముసలమ్మ. హోటలు ఆమెదే. ఇసుక వచ్చిన బిడ్డల్లో ఆమె ఒకతె.

"ఆమెకొక అన్న ఉన్నడు మామా. ఎనుక గల్లిల్నే ఇల్లు. ఇసుకకు ధర వచ్చిన కాన్నుంచి ఆమెతోటి మాట్లాడడట. నలభై ఏండ్లు. చర్చిల గూడ ఆయన ఇటు, ఆమె అటు కూసుంటరు. ఆయన పోతే మట్టికన్న పోవాలెనా వద్దా అని ఆమె నన్నడుగుతది. నేనేం చెప్పుదు?"

"నాకెందుకు చెప్తున్నవ్ ఇదంతా?"



"మామా, నేను నీకొక మాట చెప్పాలనుకుంటున్న, తిప్ప గురించి..."

"సిగ్నలు లేదు" అని పెట్టేశాను.

ఇట్లా వస్తుందని నాకు ముందే తెలుసు. ఇరీని, ఇరీని అన్న. ఎవరి గురించి చెప్తున్నాడో తెలియనంత పిచ్చోడిని కాదు.

జూన్ 23

కారు సంగతి వాడి పనే.

జూన్ 25

కారు సంగతి వాడి పనే. కాకపోతే ఇంకెవరి పని?

జులై 13

మార్కండేయకు మాట ఇచ్చాను.

ఇంకెవరో అడిగేలోపు తిప్ప లేకుండా పోతే, అడగడానికే ఏమీ ఉండదు. అందరికీ మంచిది. చెల్లెకు కూడా మంచిది. మేము కొట్లాడుకునేదేం మిగలదు. సుగుణమ్మకు చెప్పలేదు. ఆమె కడుపులో మాట ఆగదు.

మార్కండేయ ఒక్క మెలిక పెట్టాడు.

"ఆడబిడ్డ దస్తకత్ కావాలె కాకా. నాకేం అభ్యంతరం లేదని రాసియ్యాలె. రేపు మా సారు కోట్లు పెట్టి కట్టినంక ఆమె కోర్టుకు పోతే?"

"పోదు."

"పోదని నువ్వంటవ్. కాగితం అనాలె గద."

కాగితం వాడే రాయించి ఇచ్చాడు. చెల్లె సంతకం చేసే చోట పెన్సిలుతో చిన్న గీత పెట్టాడు.

ఆగస్టు 3

"ఒడిబియ్యానికి పోదాం" అన్నాను సుగుణమ్మతో.

ఆమె చేతిలో చాట ఆగిపోయింది. నా నుదురు ముట్టి చూసింది.

ఆగస్టు 10

గాంధారి పోయి వచ్చాం. బియ్యం, కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, చీర, రవిక గుడ్డ. కాగితం నా చేతిసంచిలో, అడుగున.

చెల్లె గుమ్మంలోనే అందుకుంది. "వచ్చినవా అన్నా! తొవ్వ మరిచినవేమో, ఆటో పంపుదామనుకున్న."

లింగం బావ, "బావకు తొవ్వ యాదికే ఉంటది. కందుల బస్తాకే తొవ్వ దొరుకతలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. చెల్లె మొగుడు వాడు, అనే హక్కు ఉంది. నేనూ నవ్వినట్టు చేశాను. మొగుడు చేత అనిపించింది, అది కనిపెట్టాను.

పీట వేశారు. చెల్లె, బావ కూర్చున్నారు. నవత ఫోను ఎత్తి పట్టింది. అందులో నగేశ్. వాడి వెనక ఇసుక, వరుసగా కుర్చీలు, ఎవరో పిల్లలు నీళ్ళలో ఎగురుతున్నారు. ముత్తయిదువలు ఒక్కొక్కరే వచ్చి బియ్యం పోశారు. సుగుణమ్మ పోస్తూ ఏడ్చింది. చెల్లె కొంగు బరువుకు వంగిపోయింది. ఆమె జుట్టు మొత్తం తెల్లబడిందని ఇవాళే చూశాను.

అయిపోయిన తర్వాత ఆమె లేచి, ఒడిలోంచి మూడు పిడికిళ్ళు తీసి మా పళ్ళెంలో వేసింది. పుట్టిల్లు చల్లగా ఉండాలని తిరిగి ఇచ్చే బియ్యం. చివరి పిడికిలి వేసేటప్పుడు నా వైపు చూసింది.

తిప్ప మాట ఎత్తలేదు.

అన్నాలయ్యాక నేను మంచం మీద కూర్చుంటే పక్కకు వచ్చింది. ఎవరూ లేరు.

"ఏమన్న చెప్పేదున్నదా అన్నా?"

"ఏం లేదు."

"సంచి పొద్దుట్నుంచి సంకల్నే ఉన్నది. అన్నం తినేటప్పుడు గూడ ఇడువలేదు. అందుకని అడిగిన."

"మందులున్నయి."

"ఊ" అంది. మళ్ళీ "ఊ" అంది.

కాగితం తీయలేదు. ఇవాళ మంచి రోజు కాదు. జనం కూడా ఎక్కువ ఉన్నారు. అందుకే తీయలేదు.

ఆగస్టు 29

మూడు రోజులుగా వాన. ఇట్లాంటి వాన నా ఎరుకలో లేదు. రోడ్లు తెగాయి, బస్సులు లేవు, కరెంటు లేదు. సాగర్ గేట్లు ఎత్తారని చెప్పుకుంటున్నారు.

తిప్ప చుట్టూ నాలుగు దిక్కులా నీళ్ళే. నడుమ నా కంది చేను పచ్చగా, ఒక్కటే. ద్వీపంలా ఉంది.

సెప్టెంబరు 3

కరెంటు వచ్చింది. ఫోను పని చేయగానే మార్కండేయ. వరద చూసి హైదరాబాదు ఆయన భయపడి ఉంటాడనుకున్నాను. ఎక్కడ! ఎవరో వీడియో పంపారట, ఇంకా ఎగబడుతున్నాడట. పడవలో పోయి దిగే రిసార్టు అంటున్నాడట.

"దస్తకత్ ఏమాయె కాకా?"

"ఒప్పుకుంటలేదు."

నోట్లోంచి వచ్చేసింది. "గట్టిగ అడిగినవా?" అన్నాడు. "అడిగిన" అన్నాను. వాడు నన్ను అనడం మానేసి చెల్లెను అనడం మొదలుపెట్టాడు. వింటూ ఉన్నాను.

అబద్ధం కాదు. అడిగితే ఒప్పుకోకపోయేదే.

సెప్టెంబరు 8

మార్కండేయ ఊరంతా చెప్పినట్టున్నాడు. హోటల్లో చాయ్ తాగుతుంటే అందరూ నన్నే చూస్తున్నారు. "ఒడిబియ్యం పోసుకున్న చేతితోని అన్న కడుపు మీద కొట్టింది" అన్నాడొకడు. "ఆడబిడ్డలు గట్లనే ఉన్నరు ఇప్పుడు" అన్నాడు ఇంకొకడు. చాయ్ పైసలు తీసుకోలేదు నా దగ్గర.

నేను అవునని అనలేదు, కాదని కూడా అనలేదు.

ఈ ఊరి మాటలు గాంధారి దాకా పోవు.

సెప్టెంబరు 12

పోయాయి.

పొద్దున ఆటో ఆగింది. చెల్లె ఒక్కతే దిగింది. చెప్పులు కూడా విడవలేదు. మోకాళ్ళ దాకా బురద. తెగిన రోడ్డు దగ్గర దిగి నడిచి, మళ్ళీ ఇంకో ఆటో ఎక్కి వచ్చిందట.

"వదినె! ఇటు రా. నువ్వు సాక్షి. నీ మొగడు నన్ను దస్తకత్ అడిగిండట, నేను కాదన్ననట. ఎప్పుడడిగిండో అడుగు."

సుగుణమ్మకు ఏమీ అర్థం కాలేదు. నా వైపు చూసింది. "ఏం దస్తకత్?"

"తిప్ప అమ్ముతున్నడట. బస్సుల, సంతల, నీళ్ళ కాడ, అందరు నా మొకం మీద ఉమ్మేసినట్టు సూస్తున్నరు. అన్న కడుపు కొట్టిందట! అన్నా, నేనెప్పుడు కాదన్న? నువ్వెప్పుడు అడిగినవ్?"

నేను నేల చూస్తున్నాను.

"ఆ సంచిల ఉన్నది కాగితమే గద? మందులట, మందులు! గా దినం నీ సంక సూసే అనుకున్న. అడుగుతడు, అడుగుతడు అని పొద్దు గుంకేదాక సూసిన. అడగలే. సరే, ఇప్పుడడుగు. నీ నోటితోని అడుగు. పెడ్తనో పెట్టనో అప్పుడు సూద్దువు."

సందూకు తీశాను. కాగితం తీశాను. పెన్సిలు గీత కనబడింది. ఆమె చేయి చాపింది. ఆ చేతి గోళ్ళలో బురద ఉంది.

అడుగుదామనే నోరు తెరిచాను. వచ్చిన మాట వేరు.

"తిప్ప నీదే."

చెల్లె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నాదని నాకెరుకనే. నాయిన అన్నప్పుడు నేనక్కడ్నే కూసున్న, నెత్తి మీద బాసింగంతోని. నీకెప్పుడు ఎరుకైతదా అని సూస్తున్న."

సుగుణమ్మ నీళ్ళు తెచ్చింది. చెల్లె తాగింది. ఆ తర్వాత నేను అడగాలనుకుంటున్నది అడిగాను.

"నగేశ్ ఏం కట్టాలనుకుంటున్నడు అక్కడ?"

"ఏంది కట్టేది?"

"తిప్ప మీద. కుర్చీలు గిట్ల."

చెల్లె నన్ను వింతగా చూసింది. "కుర్చీలా! కుర్చీలు మోసి మోసి వాని నడుము ఇరిగింది. తిప్ప మీద ఒక్క కుర్చీ పడద్దని, మామను కందులే పెట్టుమనుమని చెప్పుతనే ఉన్నడు. నీకు చెప్తనంటే సిగ్నలు లేదంటవట గద."

అయితే కారును ఎవరు పంపారో ఇప్పటికీ తెలియలేదు.

"ఇవి పెద్దల దినాలు. పెత్రమాస అమాస ఎల్లంగనే సోమవారం ఎల్లారెడ్డికి రా. నా పేరు మీద చెయ్యి" అంది చెల్లె. పాసుబుక్కు అడిగి తీసుకుంది. రవికలో పెట్టుకుంది.

"నా దగ్గర ఉంటే ఏమైతది?" అన్నాను.

"ఏం కాదు. నా దగ్గర ఉంటే గూడ ఏం కాదు" అంది.

సెప్టెంబరు 13

మార్కండేయకు చెప్పాను. "చెల్లె ఒప్పుకుంటలేదు అన్నది నిజం కాదు. నేను అడగలేదు. తిప్ప ఆమెది." నా జన్మలో ఫోనులో ఇన్ని మాటలు మాట్లాడలేదు. వాడు తిట్టాడు. విన్నాను.

చాయ్ హోటలుకు కూడా పోయాను. అక్కడ చెప్పడం కష్టమైంది. రెండుసార్లు గ్లాసు ఎత్తి దించాను. చివరికి చెప్పాను. ఇవాళ చాయ్ పైసలు తీసుకున్నారు.

సెప్టెంబరు 14

మార్కండేయ గాంధారి నంబరు సంపాదించాడేమో. చెల్లె అమ్మితే? ఆమె ఇష్టం. ఆమెది. అయినా అమ్మితే?

సెప్టెంబరు 22

ఎల్లారెడ్డి. బస్సు నిండా తంగేడు పూలు, బతుకమ్మ సంచులు. నేను పోయేసరికే చెల్లె తహసీల్ ఆఫీసు వరండాలో కూర్చుని ఉంది. పక్కన ఇద్దరు మగవాళ్ళు, గాంధారివాళ్ళు. నాకు తెలియదు. సాక్షులట. నన్ను పైనుంచి కిందికి చూశారు.

సాక్షులుగా మా ఊరివాళ్ళను తెస్తానని నేను ముందే చెప్పాను. "తెచ్చుకో. నావోళ్ళు నాకుంటరు" అంది.

లోపల వేలిముద్రలు, ఫోటోలు. కాగితం ముద్రపడి వచ్చింది. చెల్లెకు చదువు రాదు. సంతకం నేర్చుకుంది, అంతే. కాగితం తెచ్చి నా చేతిలో పెట్టి, మళ్ళీ వరండాలో కూర్చుంది.

"సదువు అన్నా."

నెమ్మదిగా చదివాను. ఊరు, సర్వే నంబరు, హద్దులు. తూర్పున సాగర్, దక్షిణాన సాగర్, పడమర సాగర్.

"పేరు?"

చదివాను.

"గట్టిగ. వాళ్ళకు గూడ ఇనబడాలె."

వరండా నిండా జనం. గట్టిగా చదివాను. ఆ ఇద్దరు గాంధారివాళ్ళలో ఒకడు నా భుజం మీదుగా వంగి, అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ తనూ చదివాడు. ఆ తర్వాత చెల్లె వైపు చూసి, నేను చదివిందే రాసి ఉందన్నట్టు తల ఊపాడు.

అప్పుడు లేచింది ఆమె.